వట్టి ఆకు

ఆ ఏడు వరికోతలు మొదలయ్యేసరికి ఊళ్ళో నా పేరు ఏబెర్ కాదు, పళ్ళ డాక్టరు.

మా ఊరు పాసో హోందోలో ఎవడికైనా ఒక పేరు పెట్టారంటే కాటికి పోయేదాకా వదలదు. నేను రవాణా ఇన్స్పెక్టర్ని. వంతెన దగ్గర లారీ ఆపి, డ్రైవరుని దింపి, "నోరు తెరు, నాలిక ఎత్తు" అనేవాణ్ణి మరి. పుల్లకి చుట్టిన దూదిముక్క నాలిక కింద పెట్టి, అది ఉమ్మికి బాగా తడిసేదాకా ఆగి, అరచేతిలో పట్టే యంత్రంలో గుచ్చాలి. ఆ మనిషి గంజాయి పట్టించాడో లేదో అది చెబుతుంది. చెప్పడానికి కాస్త టైం తీసుకుంటుంది. ఆ కాసేపూ డ్రైవరు నన్ను చూస్తుంటాడు, నేను ఏటిని చూస్తుంటాను.

గంజాయి మీద నాకేం పగ లేదు. మా దేశంలో సర్కారే మందుల షాపులో పెట్టి అమ్మిస్తోంది. పోస్టాఫీసులో పేరు రాయించుకుంటే పెరట్లో పెంచుకోవచ్చు. మా పెరట్లోనూ ఉండేవి, మా అత్తగారు ఒఫేలియా పేరు మీద. నేనే ఆవిణ్ణి వెంటబెట్టుకెళ్ళి రాయించాను. కీళ్ళవాతంతో ఆవిడ వేళ్ళు అల్లం కొమ్ముల్లా వంకర తిరిగిపోయాయి. ఆ ఆకు సారాయిలో నానేసి, ఆ సారాయి రాసుకుంటే పిడికిలి ముడుచుకునేది. అదంతా సక్రమమే. కానీ స్టీరింగు పట్టుకునేవాడి నోట్లో మాత్రం నలుసు కూడా ఉండకూడదు. ఎప్పుడు పీల్చావు, ఎంత పీల్చావు, మత్తు దిగిందా లేదా అని ఎవరూ అడగరు. ఉందా, లేదా. ఉంటే ఆర్నెల్లు లైసెన్సు గోవిందా.

యంత్రం రాకముందు మనిషి లారీ దిగే తీరు చూసి పోల్చేవాణ్ణి. కళ్ళెర్రబడ్డాయంటే లెక్క కాదు, కోతల్లో ఊక దుమ్ముకి అందరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి. కాగితాలు తియ్యమంటే చెయ్యి ఎక్కడికి పోతోంది, అడిగినదానికి జవాబు ముందొస్తుందా నవ్వు ముందొస్తుందా, అది చూసేవాణ్ణి. అప్పుడప్పుడూ తప్పేవాణ్ణి కూడా. మా పై అధికారి కమేహో అనేవాడు, "నీ కళ్ళని ఎవడూ సాక్ష్యానికి పిలవడయ్యా ఏబెర్, యంత్రాన్ని పిలుస్తాడు." ఆయన మాట ఆయనది. నేను ఆరో క్లాసు తర్వాత బడి గడప తొక్కలేదు. ఈ ఉద్యోగం తప్ప నాకింకేం లేదు.

మా ఇంట్లో పొద్దు పొడవకముందే మాతే, అంటే మా వైపు తాగే చేదాకు టీ, మొదలయ్యేది. పొయ్యి పక్క కుర్చీ ఒఫేలియాది. సొరబుర్రలో మాతే ఆకు నింపి, ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు వంచి, గొట్టం మనవైపు తిప్పి అందించేది. పీల్చి బుర్ర తిరిగివ్వాలి. మళ్ళీ నీళ్ళు పోసి పక్కవాళ్ళకి. ఇంటిల్లిపాదికీ ఒకటే బుర్ర, ఒకటే గొట్టం. బుర్ర తిరిగిస్తూ థాంక్స్ అన్నామంటే ఇక నాకొద్దని. ఆవిడ దగ్గర ఆ మాట అనాలంటే గుండె ఉండాలి. "అప్పుడే థాంక్సా? నా చెయ్యి చేదెక్కిందా?" అనేది.

మాతేలో ఏవో ఆకులు కలిపేది కూడా. పుదీనా, నిమ్మగడ్డి, గట్టు మీద పచ్చపూలు. మా వైపు ముసలాళ్ళందరికీ అలవాటే. ఏం కలిపావని పోసేవాళ్ళని అడగడం మర్యాద కాదు.

ఆ రోజు పొద్దున దార్దో ఎప్పట్లాగే వచ్చి నా పక్కన కూలబడ్డాడు. వాడు నా బావమరిది. పక్క వీధిలో ఒక్కడే ఉండేవాడు. సొంత లారీ మీద పొలాల నుంచి మిల్లుకి వడ్లు తోలేవాడు.

"ఇవాళ వంతెన దగ్గర నువ్వేనా బావా?"

"నేనే."

"అయితే పళ్ళు తోముకుని వస్తాలే."

"నోట్లో నాలుగు పళ్ళు లేవు, తోముకుంటాట్ట," అంది నా భార్య నీబియా, రొట్టె కోస్తూ.

"ఉన్న మూడూ బావ కోసం దాచుకున్నానక్కా." వాడు బుర్ర అందుకున్నాడు. "ఊళ్ళో ఏమనుకుంటున్నారో విన్నావా బావా? నా లారీ నువ్వు ఆపవంట. వంతెన మీద నాకు కొత్తల్లుడి మర్యాదలు చేస్తున్నావంట."

"ఎవడన్నాడు?"

"ఎవడనలేదూ అని అడుగు. మిల్లు దగ్గర కాటా వేసే వరసలో అదే కబురు."

"సరే, ఆపుతాలే."

"ఆపు. నా నోట్లో మా అమ్మ చేతి మాతే తప్ప ఏముంది కనక?"

అంటూనే బుర్ర తిరిగిచ్చి, థాంక్స్ చెప్పి లేచాడు. ఒఫేలియా వాడి వీపు మీద ఒక్కటి వేసింది. వాడు గంజాయి తాగడని నాకు తెలుసు. కుర్రతనంలో ఒకసారి పీల్చి, వాంతి చేసుకుని, మళ్ళీ దాని జోలికి పోలేదు. అందుకే ఆపాను. పదిమందిలో ఆపి, పదిమందిలో వదిలిపెడితే ఊరి నోరు మూతపడుతుందనుకున్నాను. అలా అనుకోవడం తప్పని ఇప్పటికీ అనుకోను.

మధ్యాహ్నం లారీలు వరసకట్టి ఉన్నాయి. కమేహో తెల్ల వ్యానులో తలుపు తీసుకుని కూచున్నాడు. దార్దో లారీ రాగానే చెయ్యెత్తాను. వెనక లారీల్లోంచి ఈలలు వేశారు.

"డాక్టరుగారూ, జ్ఞానదంతం ఉందేమో చూడండి!"

"చుట్టాలకి ఫీజు మాఫీయా?"

దార్దో టోపీ తీసి వాళ్ళకి దణ్ణం పెట్టి, నోరు బార్లా తెరిచాడు. దూది పెట్టాను, తీశాను, యంత్రంలో గుచ్చాను. ఏరు నిండుగా ఉంది. అవతలి ఒడ్డు పొలంలో కోత మిషను ఒకటి ఆగిపోయి ఉంది, దాని మీద కొంగలు.

యంత్రం కూసింది. ఉందంది.

"ఏమైంది బావా?"

కమేహో వ్యాను దిగి వచ్చి చూశాడు. "ఇంకోసారి చెయ్యి," అన్నాడు. చేశాను. మళ్ళీ ఉందనే అంది.

దార్దో నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, తియ్యడం మర్చిపోయినట్టు. "అమ్మ తోడు, నేను ముట్టలేదు."

"రక్తపరీక్ష అడిగే హక్కు నీకుంది. రెండు గంటల్లోపు జిల్లా ఆసుపత్రిలో ఉండాలి," అన్నాడు కమేహో.

"వెళ్ళరా. వ్యానులో తీసికెళ్తారు," అన్నాను.

"మరి వడ్లో?"

"వడ్ల సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాతేంటి బావా? చెయ్యి పెట్టి చూడు." నా మణికట్టు పట్టుకుని టార్పాలిన్ కిందకి తోశాడు. తడి వడ్లు. అప్పటికే జ్వరం వచ్చిన ఒళ్ళులా ఉన్నాయి. "ఈ ఎండలో నిలబెడితే సాయంత్రానికి రంగు తిరిగిపోతాయి. రంగు తిరిగిన వడ్లు దించిన లారీని మళ్ళీ ఏడు ఎవడు పిలుస్తాడు? నువ్వు తోలు. మిల్లు దాకానే కదా."

"డ్యూటీలో ఉన్నాను."

వాడు నన్ను ఒక చూపు చూసి, వరసలో ఉన్న లారీల వెంబడి నడుచుకుంటూ పోయాడు, ఒక్కొక్కణ్ణీ అడుగుతూ. ఎవడి లారీ వాడిది, ఎవడి వడ్లు వాడివి. చివరికి ఎవడి బండిలోనో పడుకున్న రెండో డ్రైవరు దొరికాడు. లారీ వంతెన దాటేసరికి ఆసుపత్రికి వెళ్ళే వేళ మించిపోయింది. వడ్లు మాత్రం బాగానే ఉన్నాయని మిల్లువాళ్ళు తర్వాత చెప్పారు.

వాడు అబద్ధమాడుతున్నాడనే నేననుకున్నాను. యంత్రం రెండుసార్లు చెప్పింది. వాడికీ నాకూ మధ్య ఏ తగువూ లేదు, కానీ కోతల్లో నిద్ర లేక ఎవడైనా ఏదైనా చేస్తాడు. నీబియా వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. కూర వడ్డించేది, గిన్నె బల్ల మీద పెట్టే చప్పుడులోనే చెప్పాల్సింది చెప్పేది. దార్దో లైసెన్సు మీద విచారణ పెట్టారు. అంతదాకా వాడు ఇంట్లో. వాడి లారీ వీధిలో టార్పాలిన్ కప్పుకుని ఉంది. కోతలు జోరు మీదున్నాయి. పొద్దున్నే మాతేకి రావడం మానేశాడు. నీబియా ఫ్లాస్కు పట్టుకుని వాడింటికి వెళ్ళేది.

ఇక వంతెన దగ్గర నా సంగతి చెప్పక్కర్లేదు. అదివరకు లారీలు ఆపితే తిట్టేవాళ్ళు, జోకులేసేవాళ్ళు. ఇప్పుడు మాటే లేదు. నోరు తెరుస్తారు, మూస్తారు, పోతారు. అక్కడ కాపలా ఉండే పోలీసు కూడా తన బుర్ర నాకు అందించడం మానేశాడు. తన మానాన తను పోసుకుని, తనే తాగి, ఏటివైపు తిరిగేవాడు.

తర్వాత ఒక ఆదివారం వాన పట్టుకుంది. చేలల్లో నీళ్ళు నిలిచాయి, మిషన్లు ఆగిపోయాయి. నాకు డ్యూటీ లేదు. వంటింట్లో నేనూ, ఒఫేలియానే. ఆవిడ బుర్ర కడిగి ఆకు నింపుతోంది. ఎప్పుడూ చీకట్లో లేచి, నిద్రమొహంతో తాగి పోయేవాణ్ణి, ఆవిడ చేతులకేసి చూసిందే లేదు. బిస్కెట్ల డబ్బాలోంచి ఎండాకు ఒకటి తీసి, వంకర వేళ్ళ మధ్య నలిపి, బుర్రలో వేసింది. ఆ ఆకు నాకు తెలుసు. ట్రైనింగులో బల్ల మీద పెట్టి వాసన చూపించారు.

"అత్తయ్యా, అదేం ఆకు?"

"పెరట్లోదే." ఆవిడకి నేనడిగింది తప్పనిపించలేదు, సంబరంగానే చెప్పింది. "చలికాలం నుంచి వేస్తున్నా. పైన రాస్తేనే ఇంత గుణమిస్తే, లోపలికి పోతే ఇంకెంత ఇవ్వాలి? చూడు, చూడు." పిడికిలి మూసి తెరిచి చూపించింది. "నీ మోకాలి నెప్పి ఎలా ఉందో చెప్పు. ఈ మధ్య మెట్లు దిగుతూ మూలగడం లేదు నువ్వు."

నిజమే. మూలగడం లేదు.

వేణ్ణీళ్ళలో వేసిన చిటికెడు ఎండాకు తలకెక్కదు. ఏ మనిషీ దానితో తూలడు. కానీ యంత్రం తూలిందా లేదా అని అడగదు కదా. ఆవిడ నీళ్ళు పోసి, గొట్టం నావైపు తిప్పి అందించింది.

నేను చెయ్యి చాచలేదు. "థాంక్స్, అత్తయ్యా," అన్నాను.

ఒక్క గుక్కా తాగకుండా ఆ మాట ఆవిణ్ణి ఎవరూ అని ఉండరు. గొట్టం తనవైపు తిప్పుకుని తనే తాగింది.

నీబియా వసారాలో తడిబట్టలు పిండుతోంది. చెప్పాను. దుప్పటి అలాగే మెలితిప్పి పట్టుకుని, చివరిదాకా విని, మొదటగా అన్న మాట, "అమ్మకి తెలియకూడదు."

"తెలియకపోతే ఎలా? వాడి లైసెన్సు పోతోంది."

"ఎనభై దాటిన మనిషి ఏబెర్. తన చేత్తో పోసిందే కొడుకు నోటికాడ కూడు తీసిందని తెలిస్తే ఆవిడ మళ్ళీ ముద్ద ముడుతుందా?"

"మరి వాడి సంగతి?"

"వాడి లైసెన్సూ రావాలి."

"రెండూ ఎలా కుదురుతాయే?"

"నాకేం తెలుసు? ఇన్స్పెక్టరువి నువ్వు. పట్టుకోవడం తెలిసినవాడికి విడిపించడం తెలియదా?"

దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. ఇద్దరం పిండాం. నీళ్ళు మా కాళ్ళ మీద పడ్డాయి.

ఆ మర్నాటి నుంచి నేను ఇంట్లో మాతే ముట్టలేదు. డబ్బా తీసేస్తే ఆవిడ అడుగుతుంది, తీయకపోతే నేను తాగకూడదు. రోజూ పొద్దున బుర్ర నావైపు వచ్చేది, రోజూ థాంక్స్ అనేవాణ్ణి. మూడో రోజు నుంచి నావైపు రావడం మానేసింది. "మీ ఆయనకి మనవాళ్ళ ఉమ్మి అంటే అసహ్యం వేస్తోందే. ఊళ్ళోవాళ్ళ నోళ్ళు చూసీ చూసీ," అని కూతురితో అంటుంటే గోడ ఇవతల నుంచి విన్నాను. నీబియా గిన్నెలు కడుగుతూనే ఉంది.

విచారణ రోజు పొద్దున నేను ముందుగా లేచి, ఒఫేలియా ఎదురు కుర్చీలో కూచున్నాను. చెయ్యి చాచాను. ఆవిడ నా మొహంలోకి చూసి, ఏమీ అడక్కుండా పోసింది. ఒకటి తాగాను. ఇంకొకటి. ఆవిడ మొహం విప్పారింది. "నేనేం పరాయిదాన్నా," అంది. నీళ్ళు అయిపోయేదాకా తాగాను. గుమ్మంలో నీబియా నిలబడి ఉంది. ఏం చెయ్యబోతున్నానో దానికి అర్థమైంది. ఆపలేదు.

మోటార్ సైకిలు వసారాలోనే వదిలేసి ఆఫీసుకి నడిచి వెళ్ళాను.

గదిలో కమేహో, దార్దో, నేను. దార్దో ఇస్త్రీ చొక్కా వేసుకుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. చెప్పిందే చెప్పాడు. ముట్టలేదు. ఆ రోజు పొద్దున అక్క ఇంట్లో మాతే తాగాను, రొట్టె తిన్నాను, అంతే. కమేహో తల ఊపుతూ ఏదో రాసుకుంటున్నాడు. అందరూ చెప్పేది అదే.

"సార్, నాకూ పరీక్ష చెయ్యండి," అన్నాను.

"నీకెందుకు?"

"చెయ్యండి. ఇవాళ నేను కూడా మా ఇంటి మాతే తప్ప ఏం ముట్టలేదు."

కమేహో విసుక్కుంటూనే చేశాడు. నోరు తెరిచి నాలిక ఎత్తాను. దూది నాలిక కింద ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. చప్పగా, పొడిగా, మాట రాకుండా చేసేలా ఉంటుంది. దార్దో నన్ను చూస్తున్నాడు. అక్కడ చూసుకోవడానికి ఏరు లేదు, గోడ మీద క్యాలెండరు ఉంది.

యంత్రం కూసింది.

కమేహో పెన్ను కింద పెట్టాడు. "ఆఫీసుకి ఎలా వచ్చావు?"

"నడిచి."

"ఇతన్ని ఆపిన రోజు వంతెనకి ఎలా వెళ్ళావు?"

"మోటార్ సైకిలు మీద."

"ఆ పొద్దున కూడా ఇదే తాగావా?"

"తాగాను."

"మాతేలో ఎవరు కలిపారు?"

వచ్చేటప్పుడు దారంతా దీని గురించే ఆలోచించాను. అయినా మాట బయటికి రావడానికి కాస్త టైం పట్టింది, ఆ యంత్రానికి పట్టినంత.

"నేనే కలిపాను. మోకాళ్ళ నెప్పులకి."

కుర్చీ చప్పుడైంది. దార్దో లేచి నిలబడ్డాడు. నా మీదకి వస్తాడేమో అనుకున్నాను. రాలేదు. టోపీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"నువ్వే కలిపి, నువ్వే పట్టుకున్నావా బావా," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

కమేహో చెడ్డవాడు కాదు. పెన్ను మళ్ళీ అందుకుంటూ అన్నాడు: "నోట్లోకి ఎలా వచ్చిందని చట్టం అడగదయ్యా. ఉందా లేదా అనే అడుగుతుంది. ఇందాక నా ముందు ఒక కేసు ఉంది. ఇప్పుడు రెండున్నాయి."

అంతే జరిగింది. వాడి లైసెన్సు రాలేదు, నాది పోయింది. ఊళ్ళో నాకు కొత్త పేరేం పెట్టలేదు, అసలు పేరుతో కూడా పిలవడం మానేశారు. బావమరిదికి మందు పెట్టి పట్టించిన మనిషి, కొలువులో మెప్పు కోసం. చెప్పుకోవడానికి కథ బాగుంటుంది. నేను విన్నా నమ్మేవాణ్ణేమో.

కోతలు ముగిశాక దార్దో మా ఇంటి ముందుకి గుర్రబ్బండి తెచ్చాడు. దానికి లైసెన్సు అక్కర్లేదు. అమ్మ మంచం, అమ్మ కుర్చీ, పెట్టె ఎక్కించాడు. నీబియా తన బట్టలు కూడా మూటగట్టింది.

"అమ్మని కనిపెట్టుకుని ఉండాలి కదా," అంది.

"నిజం ఏంటో నీకు తెలుసు."

"తెలుసు. అందుకే నీ మొహం చూడలేకపోతున్నాను ఏబెర్." బండి ఎక్కుతూ, పొయ్యి మీద చారు ఉందని చెప్పింది.

నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. పట్టుకున్న బళ్ళు పడేసే దొడ్డికి కాపలా వేశారు. తుప్పు పట్టిన మోటార్ సైకిళ్ళు, అద్దాలు పగిలిన కార్లు, గేటు పక్కన రేకుల గది. ఎవరి బండి వాళ్ళు విడిపించుకోవడానికి వస్తారు, నావైపు చూడకుండా రసీదు బల్ల మీద పెడతారు. ఇంట్లో పెద్ద బుర్ర తీసేసి చిన్నది కొనుక్కున్నాను. ఒక్కడికి రెండు గుక్కలు పడితే చాలు.

చలి ముదిరాక ఒక సాయంత్రం గేటు దగ్గర చేతికర్ర చప్పుడైంది. ఒఫేలియా. అంత దూరం ఒక్కతే నడిచి వచ్చింది, చంకలో ఫ్లాస్కు, సంచిలో బుర్ర. నా కుర్చీ ఇచ్చి, నేను తిరగేసిన డబ్బా మీద కూచున్నాను. ఊపిరి నిమ్మళించాక పొయ్యడం మొదలుపెట్టింది. వేళ్ళు మళ్ళీ బిగుసుకుపోయాయి. ఫ్లాస్కు రెండు మణికట్ల మధ్య పట్టుకుని వంచుతోంది.

"వట్టి ఆకే. ఏం కలపలేదు. వెంట తీసికెళ్ళిన మొక్కలు కూడా పీకేశాను," అంది.

"ఎందుకు పీకారు?"

"దార్దో చెప్పాడు, మాతేలో నువ్వు ఆకు కలిపావని." బుర్ర తన ఒళ్ళోనే పెట్టుకుంది. "నా డబ్బాలో నువ్వెప్పుడు చెయ్యి పెట్టావురా?"

నేను గేటుకేసి చూశాను.

"నీబియాకి తెలుసా?"

"తెలుసు."

"వాడికి?"

"తెలీదు."

తల ఊపింది. "రోజూ పొద్దున వాడు నా మోకాలికి ఆనుకుని కూచుంటున్నాడు, చిన్నప్పటిలాగా. నా చేతి మాతే తప్ప ఇంకెవరిదీ ముట్టడు. నాకింకెన్నాళ్ళుంది గనక." గొట్టం నావైపు తిప్పింది. "వాడికి తెలియకుండానే ఉండనీ నాయనా. నేను పోయేదాకా."

అందుకున్నాను. వేడిగా ఉంది, బాగా చేదుగా ఉంది. పుదీనా కూడా వెయ్యలేదు. చివరి గుక్క గొట్టంలో గురగురమనేదాకా పీల్చాను. ఇన్ని నెలల తర్వాత ఇంకొకరి చేతి మాతే. ఆవిడ రెండోది పొయ్యడానికి అప్పుడే ఫ్లాస్కు వంచి పట్టుకుంది.

బుర్ర తిరిగిచ్చాను.

"థాంక్స్, అత్తయ్యా," అన్నాను.

వంచిన ఫ్లాస్కు నిలబెట్టింది. మూత బిగించడానికి ఆ వేళ్ళకి చాలాసేపు పట్టింది. నేను సాయం చెయ్యలేదు.